బీసీజీ చికిత్సలో కీళ్లు వాచినప్పుడు

మూత్రాశయ క్యాన్సర్‌కు ఇచ్చే ఇమ్యునోథెరపీలో, అంటే ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి రెచ్చగొట్టే బీసీజీ వంటి చికిత్సలో, అరుదైన దుష్ప్రభావాలు ఎలా ఉంటాయి, వాటికి భయపడి చికిత్స మానుకోవచ్చా అని అడిగారు. మానుకోవద్దు. అయితే ఆ చికిత్స జరుగుతోందని మీరు వెళ్లే ప్రతి డాక్టరుకూ, పళ్ల డాక్టరుతో సహా, అడగకపోయినా చెప్పండి.

తిరుపతిలో ఉండే మా నాయనకు మూత్రాశయంలోని గడ్డను తొలగించాక, వారానికొకసారి చొప్పున ఆరు వారాలు బీసీజీ ఎక్కించాలన్నారు. పసిపిల్లలకు క్షయ టీకాగా వేసే ఆ బతికున్న సూక్ష్మజీవులనే గొట్టం ద్వారా మూత్రాశయంలోకి పంపుతారు. మూత్రంలో మంట, ఒక రాత్రి చలిజ్వరం మామూలేనని ముందే చెప్పారు కాబట్టి వాటికి మేము కంగారుపడలేదు. చివరి విడతలకు వచ్చేసరికి ఆయన మోకాళ్లు, చీలమండలు వాచాయి, కళ్లు ఎర్రబడ్డాయి. ఏటా అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్లే మనిషి, మంచం దిగి స్నానాల గదికి పోవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. వీధి చివరి క్లినిక్‌లో చికున్‌గున్యా అన్నారు. మరొకచోట వయసు అరుగుదల అన్నారు. కళ్లకు కలక మందు రాసిచ్చారు. ఇంకేదైనా చికిత్స జరుగుతోందా అని వారిలో ఒక్కరూ అడగలేదు. క్యాన్సర్ మాట బయట ఎత్తవద్దని పెద్దలు కట్టడి చేయడంతో నాయన కూడా నోరు విప్పలేదు. మన ఇళ్లలో ఈ జబ్బును పరువు తక్కువ విషయంలా దాచే అలవాటు మందుల కన్నా ఎక్కువ హాని చేస్తోందని నేను గట్టిగా నమ్ముతాను.

తరువాతి విడతకు వెళ్లినప్పుడు యూరాలజీ డాక్టరు ఆ కాళ్లను, కళ్లను కలిపి చూసి, ఇది రియాక్టివ్ ఆర్థరైటిస్ అని చెప్పారు. కీళ్లలోకి సూక్ష్మజీవి చేరకపోయినా, బీసీజీ రెచ్చగొట్టిన రోగనిరోధక శక్తి కీళ్ల మీదికి తిరగడం వల్ల వచ్చే వాపు ఇది. హెచ్ఎల్ఏ బి27 అనే జన్యు లక్షణం ఉన్నవారిలో దీనికి అవకాశం ఎక్కువ. బీసీజీ ఆపి, వాపు తగ్గే మందులు ఇచ్చాక ఆయన మెల్లగా కోలుకున్నారు.

ఇంతకన్నా ప్రమాదకరమైనది, ఆ సూక్ష్మజీవులు రక్తంలోకి పోయి ఊపిరితిత్తులకో, కాలేయానికో, వెన్నెముకకో చేరడం. ఇది నెలల తర్వాత కూడా బయటపడవచ్చు. అందుకే రెండు రోజులు దాటినా తగ్గని జ్వరాన్ని వైరల్ జ్వరమని వదిలేయకూడదు. అప్పుడు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ వంటి క్షయ మందులు వాడవలసి రావచ్చు. మరో క్షయ మందైన పైరాజినమైడ్ మాత్రం ఈ సూక్ష్మజీవి మీద పనిచేయదు. బీసీజీ ఎక్కించారన్న సంగతి తెలియని చోట మామూలు యాంటీబయాటిక్‌లతోనే కాలం గడిచిపోతుంది.

మీవారికి బీసీజీ కాక, పెంబ్రోలిజుమాబ్ వంటి మరో రకం ఇమ్యునోథెరపీ మందును నరం ద్వారా ఎక్కిస్తుంటే జాగ్రత్తపడవలసినవి వేరు. థైరాయిడ్ దెబ్బతినవచ్చు, ఉన్నట్టుండి మధుమేహం రావచ్చు, అరుదుగా గుండె కండరం వాయవచ్చు. ఆయాసం, ఛాతీ నొప్పి, విపరీతమైన దాహం కనిపిస్తే ఆలస్యం చేయకండి.

మా నాయన డిశ్చార్జి కాగితంలో బీసీజీ పేరు ఒక మూలన, చదవరాని రాతలో ఉంది. మీరు మందు పేరు, చివరి విడత తేదీ స్పష్టంగా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయించుకొని రోగి జేబులో ఉంచండి. గొట్టం వేసేటప్పుడు గాయమై రక్తం కనిపిస్తే, ఆ రోజు బీసీజీ ఎక్కించకుండా వాయిదా వేయమని అక్కడికక్కడే అడగండి.