మీరు ఎక్కువసార్లు చూసిన తెలుగు సినిమా ఏది? అంతగా ఎందుకు నచ్చింది?

మాయాబజార్. ఈ ప్రశ్న ఎవరిని అడిగినా సగం మంది ఇదే పేరు చెబుతారని నాకు తెలుసు. వాళ్ళు చెప్పే కారణాలూ తెలుసు. ఎస్వీ రంగారావు, సావిత్రి, కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే వెన్నెల, పింగళి వారి మాటలు. అన్నీ నిజమే, కాదనను. నా కారణం వేరు. ఆ సినిమాలో పాండవులు లేరు.

ఎప్పుడైనా గమనించారా? మా ఇంట్లో మూడు తరాలుగా చూస్తున్నారు, నేను చెప్పేదాకా ఒక్కరికీ తట్టలేదు. 1957లో వచ్చిన సినిమా, మూడు గంటలు దాటిన నిడివి, భారతంలో మనుషులు. దుర్యోధనుడు ఉన్నాడు, కర్ణుడు ఉన్నాడు, శకుని అయితే మనసారా ఉన్నాడు. పెళ్ళికొడుకు అభిమన్యుడు, వాళ్ళ అమ్మ సుభద్ర ఉంది, నాన్న అర్జునుడు లేడు. రెండో సగమంతా భుజాన మోసినవాడు ఘటోత్కచుడు, వాళ్ళ అమ్మ హిడింబి ఉంది, నాన్న భీముడు లేడు. పాండవులు జూదంలో ఓడిపోయారన్న కబురు ద్వారకకి చేరుతుంది, దాంతో బలరాముడి ఇంట్లో గాలి మారిపోతుంది, ఆయన కూతురు శశిరేఖ సంబంధం కౌరవుల వైపు తిరుగుతుంది. కథ నడిచేదే వాళ్ళ ఓటమి మీద. అయినా ఐదుగురిలో ఒక్కడు కూడా తెర మీదికి రాడు.

ఇది నేను తెలివితో కనిపెట్టింది కాదు. మోసపోయి తెలుసుకున్నది. ఆ సంగతి చెప్పాలనే ఈ జవాబు మొదలుపెట్టాను.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. వారానికి ఒక్క తెలుగు సినిమా కోసం ఎదురుచూసే దూరదర్శన్ రోజులు. భీమవరం దగ్గర పల్లెటూరు మాది. మా వీధికంతా టీవీ ఒక్కటే, అదీ మా ఎదురింట్లో. వాళ్ళు పాపం మంచివాళ్ళు, సినిమా రోజున టీవీని వరండాలోకి తెచ్చి పెట్టేవాళ్ళు. పిల్లలం చాపల మీద, ఆడవాళ్ళు అరుగు మీద, మగవాళ్ళు చూడనట్టు నటిస్తూ రోడ్డు మీద. డాబా మీద ఒకడు యాంటెన్నా తిప్పుతుంటాడు. "వచ్చిందా?" "రాలేదు, ఇంకొంచెం తిప్పు!" "ఇప్పుడు?" "ఇందాకే బాగుందిరా!" వాడు మాత్రం ఏ సినిమా పూర్తిగా చూసి ఎరగడు.

ఆ రోజు మాయాబజార్. ఘటోత్కచుడు పెళ్ళివారి విందు మీద పడ్డాడు. లడ్డూలు వాటంతట అవే ఎగిరి నోట్లోకి వెళ్తున్నాయి. మాధవపెద్ది సత్యం గారి గొంతు వీధి చివరిదాకా వినబడుతోంది. పాట అయింది, గంగాళాలు ఖాళీ అయ్యాయి, సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. వీధి మొత్తం ఒక్కసారి "అయ్యో" అంది. పావుగంట చూశారు, అరగంట చూశారు. మగవాళ్ళు కరెంటు ఆఫీసుని తిట్టడం పూర్తి చేసి ఇళ్ళకి వెళ్ళిపోయారు.

మా నాయనమ్మ మాత్రం అరుగు దిగలేదు. "కరెంటు పోతే కథ కూడా పోతుందట్రా? ఇటు రండి" అంది. ఆవిడకి పెళ్ళయిన ఏడాదే ఈ సినిమా వచ్చింది. డేరా హాల్లో నేల మీద కూర్చుని చూసిందట, అదీ రెండుసార్లు. లాంతరు పక్కన పెట్టుకుని మిగతా సినిమా అంతా చెప్పింది. చెప్పడమంటే మామూలుగా కాదు. శకుని లాగా కన్ను చికిలించేది, లక్ష్మణకుమారుడిలా మెడ తిప్పేది. మధ్యలో ఈ సీను చెప్పింది.

ఘటోత్కచుడు తినేసి తేన్చుతూ ఉంటే, వంటశాల గుమ్మంలో ఎవరో దుప్పటి కప్పుకుని నిలబడ్డారు. భీముడు. అడవి నుంచి వాసన పట్టుకుని వచ్చేశాడు. "ఏరా అబ్బాయీ, అయ్యకేమైనా మిగిల్చావా?" అన్నాడు. అంతటి రాక్షసుడూ సిగ్గుతో తల దించేసుకున్నాడు. గంగాళాలన్నీ బోర్లించి వెతికితే ఒక మూల ఒకే ఒక్క లడ్డూ దొరికింది. భీముడు దాన్ని నోట్లో వేసుకోలేదు. రెండు ముక్కలు చేశాడు. ఒకటి కొడుకు నోట్లో పెట్టాడు. రెండోది ఉత్తరీయం కొంగున ముడేసుకుని "మీ పిన్నమ్మ ద్రౌపది అడవిలో పస్తుందిరా" అని చీకట్లోకి వెళ్ళిపోయాడు.

అరుగు మీద ఉన్న ఆడవాళ్ళు ముక్కులు చీదారు. నేను చీకట్లోనే దాన్ని నలుపు తెలుపులో చూసేశాను. దుప్పటి, గుమ్మం, వెనక దీపం వెలుగు, అన్నీ.

ఇక్కడ కట్ చేస్తే 2010. మాయాబజార్‌కి రంగులు వేసి జనవరి నెలాఖరులో థియేటర్లలో విడుదల చేశారు. నేను అప్పటికి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసులో వారం రోజులుగా ఇద్దరు స్నేహితుల బుర్ర తిన్నాను. "విందు పాట కాదురా, ఆ తర్వాత భీముడి సీను చూడండి, ఏడవకపోతే నన్నడగండి." వాళ్ళని లాక్కుని వెళ్ళాను. పాట వచ్చింది, హాలంతా ఈలలు. పాట అయింది. నేను ముందుకి వంగి కూర్చున్నాను. తర్వాతి సీను వచ్చింది, దాని తర్వాతిది కూడా వచ్చింది. భీముడు రాలేదు.

పక్కవాడు "ఏడ్చే సీను ఇదేనా?" అని అడిగాడు. తెర మీద అప్పుడు హాస్యనటుడు రేలంగి ఉన్నారు.

నాకు ఒళ్ళు మండింది. రంగుల ప్రింటు కోసం నిడివి తగ్గించారని అంతకుముందే విన్నాను కాబట్టి, కోసేసింది ఈ సీనే అని తీర్మానించుకున్నాను. బయటికి రాగానే టికెట్లు చించే పెద్దాయన్ని పట్టుకున్నాను. "భీముడి సీను ఎందుకు తీసేశారండీ?" ఆయన నన్ను ఎగాదిగా చూసి, "బాబూ, మేం కోసేదేమీ ఉండదు. వచ్చింది వచ్చినట్టు వేస్తాం. అయినా ఇందులో భీముడెక్కడున్నాడయ్యా?" అన్నాడు. స్నేహితులు ఆ మాటని నా పేరుకి తగిలించారు. ఆఫీసు మారేదాకా నేను "భీముడెక్కడ" గాడినే.

ఆ వారమే నలుపు తెలుపు డీవీడీ కొని పూర్తిగా చూశాను. తర్వాత ఆ భాగం ఒక్కటే వెనక్కి తిప్పి తిప్పి చూశాను. లేదు. భీముడి సీనే కాదు, భీముడే లేడు. అర్జునుడూ లేడు. అప్పుడు ఎక్కింది బుర్రకి.

నాయనమ్మకి ఫోన్ చేశాను. "నాయనమ్మా, నువ్వు చెప్పిన భీముడి సీను సినిమాలో లేదే!" ఆవిడ తడుముకోలేదు. "ఉండేదిరా, నేను చూశాను కదా. ఇప్పుడు తీసేసుంటారు. ఈ కాలం వాళ్ళకి సినిమాలు కోయడం తప్ప ఏం వచ్చు?" అంది. అబద్ధం చెబుతోందో, నిజంగానే చూశానని నమ్ముతోందో నాకు ఈ రోజుకీ తెలియదు.

కానీ ఆలోచించండి. ఆవిడ ఆ సీనుని ఎక్కడ పెట్టింది? సరిగ్గా దర్శకుడు కేవీ రెడ్డి గారు ఖాళీ వదిలిన చోట. కొడుకు అంత తిన్నాక తండ్రి గుర్తొస్తాడు. తండ్రి అడవిలో ఉన్నాడు. ఆ సంగతి సినిమా మనకి ముందే చెప్పి, తర్వాత నోరు మూసుకుంది. మిగతాది నాయనమ్మ పూర్తి చేసుకుంది. దాన్ని తప్పు పట్టాలన్నా నాకు మనసు రాదు. అసలు శశిరేఖే వ్యాసుడి భారతంలో లేదు. జనం కల్పించుకున్న కథ అది, నాటకాలుగా ఆడారు, 1936లోనే ఒకసారి సినిమాగా తీశారు. అందరూ తలో చెయ్యీ వేసిన కథలో మా నాయనమ్మ ఒక లడ్డూ వేసింది, అంతేగా.

అప్పటినుంచి నాకు సినిమా నచ్చడానికి ఒకటే లెక్క. అందులో ఏం లేదు? ఏం చూపించకుండా వదిలేశారు? ఈ లెక్క ఇంతవరకూ తప్పలేదు. మాయాబజార్‌కి సహాయ దర్శకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు గారు 1987లో ఏం తీశారో చూడండి, పుష్పక విమానం. సినిమా మొత్తంలో మాటల్లేవు. కమల్ హాసన్ అంతటి నటుణ్ణి పెట్టుకుని నోరు కట్టేశారు! గురువు దగ్గర నేర్చుకున్న పాఠమే అని నా నమ్మకం, ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. 2012లో వచ్చిన ఈగ కూడా అంతే. హీరో మొదట్లోనే చనిపోతాడు, ఈగగా పుడతాడు. ఆ ఈగకి డబ్బింగ్ చెప్పించి జోకులు వేయించవచ్చు. వేయించలేదు. అది మాట్లాడదు కాబట్టే మనం దాని తరఫున కసిగా పళ్ళు కొరుకుతూ కూర్చున్నాం.

ఇప్పుడొచ్చే సినిమాల్లో నాకు కోపం తెప్పించేది సరిగ్గా ఇదే. ఏదీ వదలరు. విలన్ చెడ్డవాడని తెలియడానికి ముగ్గురిని చంపిస్తారు, ఆ తర్వాత పక్కనున్నవాడు "అన్న చాలా డేంజర్" అని నోటితో కూడా చెబుతాడు. హీరో బాధలో ఉన్నాడంటే వర్షం, వర్షం చాలకపోతే పాట, పాట చాలకపోతే చిన్నప్పటి ఫ్లాష్‌బ్యాక్, దాని మీద వాయిస్ ఓవర్. ఇన్ని చేశాక ప్రేక్షకుడికి మిగిలే పనేంటి? ఫోన్ చూసుకోవడం. హాల్లో ఫోన్లు వెలుగుతున్నాయని అందరూ జనాన్ని తిడతారు. నేనూ తిడతాను, ముఖ్యంగా పక్క సీట్లో వెలుతురు పూర్తిగా పెట్టి మెసేజీలు చూసేవాళ్ళని. కానీ సగం పాపం తెర మీద వాళ్ళది.

సావిత్రి గారిని చూడండి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి వచ్చాక, చీర కట్టుకున్న ఆ అమ్మాయి లోపల ఎవరున్నారో ఆవిడ నడకలో, భుజాల్లో, కనుబొమల్లో తెలిసిపోతుంది. రంగారావు గారే అక్కడ తిరుగుతున్నట్టు ఉంటుంది. అదే ఈ రోజు తీస్తే సావిత్రి మొహం మీద రంగారావు మొహాన్ని గ్రాఫిక్స్‌లో మెరిపించి మెరిపించి మాయం చేస్తారు. ఎక్కడ మనకి అర్థం కాదోనని టెన్షన్.

ప్రియదర్శిని పేటిక కూడా అంతే. తెరిచినవాళ్ళకి ఇష్టమైనది అందులో కనబడుతుంది. శశిరేఖకి అభిమన్యుడు, సరే. కృష్ణుడు చూస్తే శకుని! ఎనిమిదేళ్ళప్పుడు నాకు అర్థం కాలేదు. ఎందుకని అడిగితే నాయనమ్మ, "పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే" అంది. కాలేజీలో ఉండగా ఒక రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉంటే ఉన్నట్టుండి వెలిగింది. కురుక్షేత్రం జరగాలని కృష్ణుడు అనుకుంటే, ఆ పని ఆయనకి చేసిపెట్టేవాడు శకుని కాక ఇంకెవరు? ఒక్క షాట్ పదేళ్ళు నాతో తిరిగింది. అలాంటిదొకటి ఈ మధ్య ఏ సినిమాలోనైనా ఉంటే నాకు చెప్పండి, వెంటనే చూస్తాను.

రంగుల గురించి కూడా ఒక మాట, అడగకపోయినా. చాలామంది మెచ్చుకున్నారు. నాకు నచ్చలేదు. మిగతా సినిమా ఎలాగో సర్దుకున్నాను గానీ, పడవ పాటలో వెన్నెలకి రంగు వేసేసరికి లేచి వెళ్ళిపోవాలనిపించింది. బార్‌ట్లే గారు నలుపు తెలుపులతో వెన్నెలని నమ్మించారు. ఆ నీళ్ళ రంగేమిటో, శశిరేఖ చీర రంగేమిటో అప్పటిదాకా నా ఇష్టం. మా అమ్మకది పసుపు చీర, నాకు నీలం. ఒక కంప్యూటర్ వచ్చి మా ఇద్దరిదీ కాదని తేల్చేసింది. పాత సినిమాలని శుభ్రం చేసి 4కేలో వేయడం వేరు. 2022లో పోకిరి అలా మళ్ళీ వేస్తే నేనూ వెళ్ళాను, అరిచాను కూడా. గీతలు తుడవండి, శబ్దం బాగుచేయండి, దండం పెడతాను. లేనివి కలపొద్దు.

(అవును, లేనిది కలిపిన నాయనమ్మని వెనకేసుకొచ్చి ఇప్పుడు ఈ మాట అంటున్నాను. ఆవిడ కలిపింది నాకు చెప్పిన కథలో, ప్రింటులో కాదు.)

ఎన్నిసార్లు చూశానో సరిగ్గా లెక్క లేదు, ముప్ఫై దాటి ఉంటుంది. నాయనమ్మ పోయి ఐదేళ్ళయింది. ఇప్పుడు మా ఇంట్లో మాయాబజార్ పెడితే విందు పాట అయ్యేసరికి మా ఆవిడ లేచి మంచినీళ్ళకి వెళ్ళబోతుంది. "ఒక్క నిమిషం కూర్చో" అంటాను. తనకి తెలుసు ఎందుకో. నవ్వుకుని కూర్చుంటుంది. తర్వాతి సీను వస్తుంది, అప్పుడు వెళ్తుంది.