మొలతాడు బిగుసుకుంటోందని తల్లి అంటే

చిరంజీవి వైదేహికి,

అత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. హైదరాబాదు ఉద్యోగం వద్దనుకొని మార్కాపురంలో పిల్లల ఆస్పత్రి పెడుతున్నావట. చెప్పినంతసేపూ వాడి గొంతులో సగం దిగులు, సగం గొప్ప. నాకూ అదే పరిస్థితి. ఫోను పెట్టేశాక నిద్ర పట్టక లేచి, నీ చిన్నప్పటి ఫోటో ఒకసారి చూసుకొని, ఈ ఉత్తరం మొదలుపెట్టాను. చీరాలలో ముప్పై నాలుగేళ్లు అదే పని చేసినదాన్ని. చెప్పకుండా ఊరుకోవడం నా వల్ల కాదు.

అద్దె ఒప్పందం, నర్సుల జీతాలు, టీకాల ఫ్రిజ్‌కు ఇన్వర్టరు, ఇవి నీకు తెలుసు. మందుల కంపెనీ వాళ్లిచ్చిన గడియారం గోడకు తగిలించకు. ఆ విషయాలు అంతటితో సరి.

రాయాలనుకున్నది ఒక్క జబ్బు గురించి. న్యూరోబ్లాస్టోమా, పసిపిల్లలకు వచ్చే కేన్సర్ కణితి. నవ్వకు. దగ్గులు, విరేచనాలు, డెంగీలు వదిలేసి అరుదైన జబ్బు పట్టుకుందేమిటి అత్త అనుకుంటావు. ఇన్నేళ్లలో నేను చూసింది నలుగురిని. చూశానని నాకు తెలిసినవాళ్లు నలుగురు. తెలియకుండా నా గది దాటి వెళ్లిపోయినవాళ్లు ఎందరో నాకేం తెలుసు?

ఎం.డి. పరీక్షకు చదివిందే అయినా ఒకసారి నా మాటల్లో విను. తల్లి కడుపులో ఉన్నప్పుడు సింపథెటిక్ నరాలుగా (గుండె, బీపీలను మన ప్రమేయం లేకుండా నడిపేవి) మారవలసిన లేత కణాలు మారకుండా మొండికేసి పెరిగితే అది ఈ కణితి. ఆ నరాల గొలుసు మెడ నుంచి కటి దాకా వెన్నెముకకు రెండు పక్కలా ఉంటుంది కాబట్టి ఎక్కడైనా పుట్టవచ్చు. ఎక్కువగా మూత్రపిండం మీది అడ్రినల్ గ్రంథిలో. పదిమందిలో తొమ్మిదిమంది ఐదేళ్లలోపు పిల్లలే. అడుగులు వేస్తూ, మాటలు రాని వయసు. పెద్ద కష్టమేమిటంటే, ఇది పుట్టినచోటు గురించి చెప్పదు. కడుపులో పుట్టి కాలు నొప్పిగా వస్తుంది, కంటి కింద నలుపుగా వస్తుంది, ఒక్కోసారి ఎంతకీ ఆగని నీళ్ల విరేచనాలుగా వస్తుంది. మనం కనిపెట్టేసరికి సగం మందికి పైగా పిల్లల్లో ఎముకల్లోకో మూలుగలోకో పాకి ఉంటుంది.

ఇక నా తప్పు. ఇది మీ నాన్నకు కూడా చెప్పలేదు.

1986, వానాకాలం. వేటపాలెం వైపు నుంచి ఒక చేనేత కుటుంబం వాళ్లు రెండున్నరేళ్ల ఆడపిల్లను తెచ్చారు. జ్వరం, ఎడమకాలు కింద పెట్టడం లేదు. అంతకు ముందు ఆర్‌ఎంపీ దగ్గర తుంటికి ఇంజెక్షన్ పడింది. ఆ రోజుల్లో జ్వరం, ఇంజెక్షన్, కాలు పడిపోవడం అంటే మాకు గుండెల్లో మోగే మాట పోలియో. మోకాలి మీద సుత్తితో కొట్టి చూశాను. కాలు చక్కగా ఎగిరింది. పోలియో కాదు! ఆ సంతోషంలో పిల్ల గౌను విప్పించి చూడలేదు. చీటీ రాస్తుంటే తల్లి మెల్లగా అంది: "పిల్ల చిక్కిపోతోంది గాని, మొలతాడు బిగుసుకుంటోందమ్మా. రెండుసార్లు వదులు చేసి కట్టాను."

నేను తల ఎత్తకుండానే నులిపురుగుల మందు రాశాను.

మూడు వారాలకు మళ్లీ వచ్చారు. పిల్ల పాలిపోయింది. రాత్రిళ్లు కాళ్లు పట్టుకొని ఏడుస్తోందట. రక్తపరీక్షలో, ఒంట్లో వాపో ఇన్ఫెక్షనో ఉంటే పెరిగే ఈఎస్‌ఆర్ ఎక్కువ వచ్చింది. మన దేశంలో అంతుపట్టని ప్రతి జ్వరానికీ అప్పట్లో ఒక పేరు సిద్ధంగా ఉండేది, ప్రైమరీ కాంప్లెక్స్, అంటే చిన్నపిల్లల క్షయ. క్షయ మందులు, ఐరన్ టానిక్ రాసి పంపాను. అప్పుడూ గౌను విప్పించలేదు. నలభైమంది బయట కూర్చున్నారు, గదిలో ఉక్క, నాకు ఆకలి. కారణాలు ఎప్పుడూ ఉంటాయి.

ఇంకో నెల తరువాత మూడోసారి. రెండు కళ్ల రెప్పలూ నేరేడుపండు రంగులో కమిలి ఉన్నాయి. కుడి కన్ను కొంచెం ముందుకు పొడుచుకు వచ్చింది. గది నిండా జనం. పక్కన పిల్ల తల్లికి అత్తగారు నిలబడి ఉంది. నేను కోపంతో, అందరికీ వినబడేటట్టు అడిగాను: "పసిదాన్ని ఇలా ఎవరు కొట్టారు?"

ఆ తల్లికి అప్పుడు ఇరవై ఏళ్లుంటాయేమో. మాట్లాడలేదు. గౌను పైకెత్తి, నా చెయ్యి పట్టుకొని పిల్ల కడుపు మీద పెట్టింది.

కంకరరాళ్లను గుడ్డలో మూటగట్టినట్టు ఉంది వైదేహీ. గట్టిగా, గుబ్బలు గుబ్బలుగా, ఎడమ పక్కటెముకల కింద మొదలై బొడ్డు దాటి కుడివైపుకు వెళ్లింది. మొలతాడు దాని మీద ఒరుసుకొని చర్మం మీద గీత పడింది.

కళ్ల చుట్టూ ఆ నలుపు దెబ్బ వల్ల వచ్చింది కాదని నీకు తెలుసు. కణితి కంటి గూటి ఎముకల్లోకి పాకితే అక్కడి నెత్తురు రెప్పల్లోకి దిగుతుంది. దెబ్బ తగిలితే నుదుటి మీదో చెంప మీదో గీరుడో బొప్పో సాధారణంగా ఉంటుంది. అవేమీ లేకుండా రెండు రెప్పలూ నల్లబడ్డాయంటే చెయ్యి కడుపు మీదికి వెళ్లాలి. పిల్లల్ని కొట్టేవాళ్లు లేరని కాదు, ఉన్నారు. ఆ ప్రశ్న అడగవలసి వస్తే పిల్లను పూర్తిగా పరీక్షించిన తరువాత, తల్లిని ఒంటరిగా కూర్చోబెట్టి అడుగు.

మద్రాసు అడయార్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు ఉత్తరం రాసి రైలెక్కించాను. తండ్రి మగ్గం తాకట్టు పెట్టాడు. మూలుగ నిండా కణితి కణాలే. నాలుగు నెలలకు పిల్ల పోయింది. ఆ కబురు చెప్పడానికి తండ్రి ఒక్కడే వచ్చాడు. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి అన్నాడు: "మీరు ఆ రోజు అడిగిన మాట మా అమ్మ ఇంట్లో ఇంకా అడుగుతూనే ఉందండీ."

ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ముసలామె ముందు కూర్చొని, ఎవరూ కొట్టలేదు, ఎక్కడా పడలేదు, మీ కోడలు మొదటి రోజే సరిగ్గా చెప్పింది, వినిపించుకోనిది నేను అని చెప్పాను. ఆ అమ్మాయి మంచినీళ్ల గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టింది. నా మొహం వైపు చూడలేదు.

అప్పటికే పాకిపోయింది కదా, ముందే కనిపెట్టినా ఆ రోజుల్లో బతికేదా అని నువ్వు ఓదార్చబోతావు. బతికేది కాదేమో. కాని ఆ ఏడెనిమిది వారాలు పిల్ల రాత్రిళ్లు పడిన నొప్పి నాది. అవసరం లేని క్షయ మందులు నావి. ఆ ఇంట్లో మిగిలిన ప్రశ్నా నాదే.

అప్పటి నుంచి ఓపీ చీటీ మీద మొదటి వరుస తెలుగులోనే రాశాను. తల్లి అన్న మాట, అన్నది అన్నట్టు. "మొలతాడు బిగుతు." "నీళ్లు పోస్తుంటే చేతికి గట్టిగా తగులుతోంది." "ఎత్తుకుంటే ఏడుస్తోంది, నడిచే పిల్ల నడవనంటోంది." రోజూ ఆ ఒంటి మీద నలుగు పెట్టే చెయ్యి అది. నువ్వు పుస్తకాల్లో దూరం నుంచి నేర్చుకున్నావు, ఆమె పిల్ల పక్కనే ఉండి నేర్చుకుంది అనుకో.

కాలు నొప్పితో వచ్చినా బట్టలు విప్పించు. చేతులు వేడి నీళ్లతో కడుక్కో. చల్లటి చెయ్యి తగిలితే పిల్ల కడుపు బిగిస్తుంది, ఇక ఏమీ తెలియదు. తల్లి ఒడిలోనే, పాలు తాగుతుంటే ఇంకా మంచిది. మలబద్ధకం గడ్డ వేలితో నొక్కితే సొట్ట పడుతుంది, ఇది పడదు. మూత్రపిండంలో పుట్టే విల్మ్స్ కణితి సాధారణంగా నున్నగా, ఒక పక్కనే ఉంటుంది, పిల్లవాడు హుషారుగానే ఆడుకుంటుంటాడు. ఇది గుబ్బలుగా మధ్యగీత దాటుతుంది, పిల్ల నీరసంగా, చిరచిరలాడుతూ ఉంటుంది. గడ్డ తగిలాక పదేపదే పిసకకు, నీ దగ్గర పనిచేసేవాళ్లను పిసకనివ్వకు. చిన్న కఫ్‌తో బీపీ చూడు. పిల్లలకు బీపీ ఏమిటి అని నర్సు నవ్వుతుంది, నవ్వనీ.

మిగతా వేషాలు గబగబా చెబుతాను. ఒక కంటి రెప్ప వాలి, ఆ కంటిపాప చిన్నదైతే మెడ, ఛాతీ చూడాలి. నిమ్ము అనుకున్న ఎక్స్‌రే నీడ మందులకు తగ్గకపోతే అది వెనుకవైపు ఉన్నదేమో చూడు. కళ్లు అన్ని దిక్కులా గిరగిరా తిరుగుతూ, పిల్ల తూలిపోతూ, ఒళ్లు అదురుతూ వస్తే ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు. వాళ్లను తిట్టకు, ఛాతీ, కడుపు స్కాన్ చేయించు. కాళ్లు చచ్చుబడి, మూత్రం బిగిస్తే మాత్రం కణితి వెన్నుపామును నొక్కుతోందని అర్థం. ఆ రాత్రే పంపాలి, తెల్లారే దాకా ఆగకు.

పూర్తి నిర్ధారణ మార్కాపురంలో చేయాలని చూడకు. నీ పని అనుమానించడం, చెడగొట్టకుండా పంపడం. అల్ట్రాసౌండ్ ఆ రోజే. మూత్రంలో ఈ కణితి వల్ల చేరే రసాయనాలు, వీఎంఏ, హెచ్‌వీఏ పదిమందిలో తొమ్మిదిమందికి పెరిగి ఉంటాయి. మా కాలంలో పక్కలు తడిపే పిల్ల దగ్గర ఇరవై నాలుగు గంటల మూత్రం, ఆమ్లం పోసిన సీసాలో పట్టమనేవారు. ఆ అవస్థ రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది. ఇప్పుడు ఒక్కసారి పట్టిన మూత్రం చాలు. అది మామూలుగా వచ్చినంత మాత్రాన జబ్బు లేదనుకోకు. ముక్క పరీక్ష, అందులో ఎంవైసీఎన్ జన్యువు ప్రతుల లెక్క, రెండు తుంటి ఎముకల నుంచీ మూలుగ, కణితి ఎక్కడెక్కడికి పాకిందో చూపే ఎంఐబీజీ స్కాన్, ఇవన్నీ పెద్ద ఆస్పత్రి పని. ఊరి సర్జను "తీసేసి చూద్దాం" అంటే ఒప్పుకోకు. కీళ్లవాతమేమో అని మూలుగ చూడకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టకు. జబ్బు ల్యుకేమియా (రక్త కేన్సర్) అయితే స్టెరాయిడ్ దాని ఆనవాలు దాచేస్తుంది. ఆరోగ్యశ్రీ కార్డు ఉందా అని ఆ గదిలోనే అడుగు. పథకం పేరు ఎన్నిసార్లు మారినా జనం అలాగే అంటారు. అవతలి డాక్టరుకు నువ్వే ఫోను చెయ్యి.

అల్ట్రాసౌండ్ యంత్రం కొంటున్నావని, వచ్చిన ప్రతి పిల్లకూ కడుపు స్కాన్ చేస్తావని మీ నాన్న మురిసిపోతూ చెప్పాడు. కొనుక్కో. పీసీపీఎన్‌డీటీ (గర్భంలో లింగనిర్ధారణను నిషేధించే చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా మాత్రం పెట్టె కూడా విప్పకు. కాని అందరికీ స్కాన్ అన్న మాట మానుకో. జపానులో 1985 నుంచి ఆరు నెలల పిల్లలందరికీ మూత్రపరీక్ష చేసి ఈ కణితిని వెతికారు. బోలెడు దొరికాయి. వాటిలో చాలా భాగం ఎవరూ ముట్టకపోయినా కరిగిపోయేవి. పిల్లలకు ఆపరేషన్లు, మందులు మిగిలాయి. 2004లో ఆపేశారు. వెతకవలసింది లక్షణం చెప్పిన పిల్లలో, లేని పిల్లలో కాదు.

కరిగిపోవడం అంటే గుర్తొచ్చింది. మూడు నెలల మగపిల్లవాడు, కాలేయం పెరిగి కడుపు కుండలా ఉండేది, చర్మం కింద నీలం బుడిపెలు. ఆ వయసులో ఇలా పాకినా దానంతట అది తగ్గే రకం ఒకటుంది. పెద్ద ఆస్పత్రి వాళ్లు ముక్క పరీక్ష చేసి, కనిపెట్టుకొని కూర్చున్నారు. బుడిపెలు పోయాయి, కాలేయం లోపలికి వెళ్లింది. ఆ పిల్లవాడు మొన్న పెళ్లి పత్రిక ఇచ్చి వెళ్లాడు. ఇప్పుడూ పొట్ట పెరుగుతోంది గాని, దానికి కారణం వేరు. అందుకే చెబుతున్నాను, కేన్సర్ అన్న మాట నోటి నుంచి రాగానే చేతులెత్తేసినట్టు మొహం పెట్టకు. తల్లులు ముందు మన మొహం చదువుతారు.

నా గదిలో తల్లులు కూర్చునే పొట్టి బల్ల ఉండేది కదా, నువ్వు దాని కింద దూరి ఆడుకునేదానివి. కాళ్లు చాపుకొని పిల్లను ఒడిలో పడుకోబెట్టుకోవడానికి సరిపోయే ఎత్తు. వడ్రంగిని పిలిచి కాళ్లు బిగింపించాను, రంగు ఆరుతోంది. సోమవారం లారీ పార్సిల్‌లో వేయిస్తాను. రసీదు నంబరు మీ నాన్నకే చెబుతాను, నువ్వు ఫోను ఎత్తవుగా.

ఇట్లు,
మీ అత్త