గ్రఫలో కథను తెలుగులో చెబితే పిల్లలు ఎందుకు ఊఁ కొట్టరు?

అనంతపురంలో మూడేళ్ల పాపకు 'గ్రఫలో' బొమ్మల పుస్తకాన్ని ఇంగ్లీషులో చదివితే కదలకుండా వింటుందనీ, అదే తెలుగులో చెబితే లేచిపోతుందనీ, కారణమేమిటనీ ఒకరు అడిగారు. లోపం తెలుగుది కాదు. అనువదించేటప్పుడు ప్రాస జారిపోవడమే అసలు కారణం.

1999లో వెలువడిన ఈ పుస్తకాన్ని జూలియా డొనాల్డ్‌సన్ రాయగా, ఆక్సెల్ షెఫ్లర్ బొమ్మలు వేశారు. పులిని బోల్తా కొట్టించే ఒక చైనా కథ దీనికి మూలం. అయితే 'టైగర్' అన్న మాటకు ప్రాస కుదరకపోవడంతో, 'తెలుసు' అని అర్థమిచ్చే 'నో'తో కలిసేలా చివర 'ఓ' శబ్దం ఉన్న 'గ్రఫలో' అన్న పేరుతో ఒక వింత మృగాన్ని రచయిత్రి కల్పించారు. అంటే ఆ మృగం పుట్టిందే ప్రాస కోసం! అటువంటి కథను అర్థం మాత్రమే పట్టుకొని వచనంలో చెబితే, తరువాతి మాటను ముందే పసిగట్టే ఆనందం పిల్లలకు దక్కదు.

మా ఇంట్లో నేనే కట్టిన పాటలో "చెట్టు దిగి ఉడుత వచ్చె, చెనక్కాయ నోట..." అని ఆగితే, మా చిన్నవాడు కళ్లు పెద్దవి చేసి "తెచ్చె!" అని అరుస్తాడు. కాబట్టి గ్రఫలో పేరును అలాగే ఉంచి, పాదం చివర 'వచ్చెనో', 'చూసెనో' వంటి క్రియలు వచ్చేలా వాక్యాలను మార్చుకోండి. మాటకు మాట సరిపోకపోయినా ఫరవాలేదు, లయ మాత్రం తప్పకూడదు.