అమ్మాయి ఆప్షన్ల లిస్టులో ఆఖరి పేరు ఏది?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. కొంత వరి, ఒక రొయ్యల చెరువు ఉన్నాయి. మా అమ్మాయి విజయవాడ హాస్టల్లో ఉండి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు రాలేదు. జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ ర్యాంకులు పర్వాలేదు, కింద రాశాను. ఇప్పుడు జోసా (ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల ఉమ్మడి కౌన్సెలింగ్) ఆప్షన్లు పెట్టాలి. హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు పోయినేడు వాళ్ళబ్బాయికి వేసిన లిస్టు పంపించాడు. ఎనిమిది ఎన్ఐటీలు, అన్నీ కంప్యూటర్ సైన్సే. మా ఆయన అదే పట్టుకుని కూర్చున్నారు. ‘‘ఇందులో వస్తే వచ్చింది, లేదంటే లాంగ్ టర్మ్‌లో (ఇంకో ఏడాది కోచింగ్) వేద్దాం. ఈ చుట్టుపక్కల కాలేజీ అంటే ఊళ్ళో తలెత్తుకోలేను’’ అంటున్నారు. పిల్లకి సివిల్ ఇష్టం. ఆ మాట అన్నందుకు ఇంట్లో పెద్ద గొడవైంది. అప్పట్నుంచి గదిలోంచి రావట్లేదు, సరిగా తినట్లేదు. లిస్టు ఎలా వెయ్యాలి? ఆయనకి ఎలా చెప్పాలి?

జవాబు: ముందు మీ అమ్మాయి గురించి చెబుతానమ్మా. రెండేళ్ళు హాస్టల్లో స్టడీ అవర్లు, వారం వారం టెస్టులు తట్టుకుని వచ్చిన పిల్ల నోరు తెరిచి తన ఇష్టం ఒక్కటి చెప్పింది. దానికి గొడవైంది. ఇక చెప్పి లాభం లేదనుకుని తలుపేసుకుంది. ఈ రోజుకి కాలేజీ మాట ఎత్తకుండా పక్కన కూర్చుని అన్నం కలిపి పెట్టండి. రేపో ఎల్లుండో ‘‘సివిల్ ఎందుకు ఇష్టమో నాకు చెప్పమ్మా’’ అని అడిగి, మధ్యలో అడ్డు రాకుండా వినండి. బతకాలని లేదన్న ధోరణిలో ఒక్క మాట వినపడినా ఆలస్యం చెయ్యొద్దు, తనని ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి. రాత్రీ పగలూ ఎత్తుతారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక లిస్టు. మీ తమ్ముడు ప్రేమతోనే పంపాడు, సందేహం లేదు. కానీ అది వాళ్ళబ్బాయి లిస్టు. జోసా సైటులో పాత సంవత్సరాల ముగింపు ర్యాంకులు (ఆఖరి సీటు ఏ ర్యాంకుకి వచ్చిందో అది) ఉంటాయి. ఒకే కాలేజీ, ఒకే బ్రాంచికి కూడా చాలా వరసలు కనిపిస్తాయి. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్ళకి, సగం బయటి రాష్ట్రాల వాళ్ళకి. సొంత రాష్ట్రం అంటే పన్నెండో తరగతి ఎక్కడ పాసయితే అదే. మీ తమ్ముడి కొడుకు హైదరాబాద్‌లో ఇంటర్ చదివి ఉంటే తాడేపల్లిగూడెం ఎన్ఐటీ అతనికి పరాయి రాష్ట్రం కింద లెక్క. మీ అమ్మాయి విజయవాడలో చదివింది కాబట్టి తనకి అది సొంత రాష్ట్రం. దానికి తోడు 2018 నుంచి అమ్మాయిలకి విడిగా అదనపు సీట్లు ఇస్తున్నారు, వాటి ముగింపు ర్యాంకులు వేరే వరసలో ఉంటాయి. అంటే మేనమామ కొడుకు చూసుకున్న వరస ఒకటి, మీ పిల్ల చూసుకోవాల్సిన వరస ఇంకొకటి. రిజర్వేషన్ వర్తిస్తే ఇంకో జాగ్రత్త: ఆ వరసల్లో ఉండేది కేటగిరీ ర్యాంకు. దాన్ని జనరల్ ర్యాంకుతో పోల్చుకుని ఆశపడో భయపడో తప్పు లిస్టు వేసుకునే వాళ్ళు ఎంతోమంది.

మీరు రాసిన ర్యాంకు ఇక్కడ బయటపెట్టను. కానీ ఆ ఎనిమిదే రాస్తే ఏ సీటూ రాకపోయే ప్రమాదం నిజంగా ఉంది. అందుకే నేను ఎవరికైనా ముందు ఆఖరి పేరు ఆలోచించమంటాను. అన్నీ చేజారితే, ఏడవకుండా పెట్టె సర్దుకుని వెళ్ళగలిగే కాలేజీ, బ్రాంచి ఏది? పోయిన రెండు మూడేళ్ళ చివరి రౌండు ర్యాంకులు చూసి, మీ అమ్మాయి ర్యాంకుకి బాగా వెసులుబాటు ఉన్నవి అలాంటివి నాలుగైదు తననే ఎంచమనండి. తర్వాత ర్యాంకుకి అటూ ఇటూగా ఉన్నవి. ఇవే ఎక్కువ ఉండాలి, ఓపికగా వెతకండి. ఆ తర్వాత అందకపోవచ్చు అనిపించే కోరికలు. మీ ఆయన ఎనిమిదీ అందులోనే ఉంటాయి, వాటిని కొట్టెయ్యక్కర్లేదు. జోసాలో ఆప్షన్లకి పరిమితి లేదు.

ఎంచుకోవడం కింద నుంచి అయినా, సైటులో పెట్టేటప్పుడు మాత్రం ఇష్టం ఎక్కువున్నది పైన పెట్టాలి. వస్తుందో రాదో అన్న లెక్కతో వరస మార్చకూడదు. కంప్యూటరు పై నుంచి చూసుకుంటూ వచ్చి ర్యాంకు సరిపోయిన మొదటి చోట సీటిస్తుంది. పైన అందనిది రాసినంత మాత్రాన కిందవాటికి నష్టం లేదు. కానీ భయపడి తేలికైనదాన్ని పైకి తెస్తే, దాని కింద రాసిన మంచివి ఇక రావు. ఒక్కసారి లాక్ చేస్తే అన్ని రౌండ్లకీ అదే లిస్టు. అందుకే లాక్ చేసేలోపు వాళ్ళు చూపించే మాక్ కేటాయింపు (ఉత్తుత్తి సీట్ల పంపకం) చూసి, నచ్చకపోతే సరిదిద్దుకోండి. సీటొచ్చాక ‘ఫ్లోట్’ పెడితే చేతిలో సీటు ఉంచుకుని పై ఆప్షన్ కోసం ఎదురుచూడొచ్చు, ‘స్లయిడ్’ అంటే అదే కాలేజీలో పై బ్రాంచి కోసం, ‘ఫ్రీజ్’ అంటే ఇక చాలని. గడువులోగా డబ్బు కట్టి సీటు ఒప్పుకోకపోతే మాత్రం మిగతా రౌండ్లలో ఉండరు.

ఈఏపీసెట్ ఆప్షన్లు కూడా వదలొద్దు. మనది ఆంధ్రా యూనివర్సిటీ లోకల్ ఏరియా, 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకే. 1946లో మొదలైన కాకినాడ జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, భీమవరంలో ఎస్ఆర్‌కేఆర్ లాంటివి ‘చుట్టుపక్కల కాలేజీ’ అని తీసిపారేసేవి కావు. అయితే జోసా తేలేదాకా ఒరిజినల్ టీసీ ఇచ్చెయ్యకండి.

సివిల్ సంగతి. కంప్యూటర్స్‌కి క్యాంపస్ ఉద్యోగాలు ఎక్కువ, మొదటి జీతాలూ ఎక్కువే. తండ్రిగా ఆయన భయంలో అర్థం ఉంది. ఆ మాట మీ అమ్మాయికి కూడా దాచకుండా చెప్పాలి. కానీ ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళతో రెండు పంటలు పండించుకుని, ఇళ్ళల్లో కాటన్ దొర ఫొటో పెట్టుకునే ఊళ్ళు మనవి. ఆ కాలువల పక్కన పెరిగిన పిల్ల సివిల్ చదువుతానంటే అది వింత కోరిక కాదు. కొల్లేరుకి, ఉప్పుటేరుకి, గోదావరి గట్లకి ఇంకా ఎంతో పని ఉంది. లిస్టులో సివిల్ కనిపించకుండా చెయ్యడం కన్నా, ఏ కాలేజీ సివిల్ ఏ కాలేజీ కంప్యూటర్స్ కన్నా ముందుండాలో తననే వరస పెట్టమనండి. మొదటి ఏడాది తర్వాత బ్రాంచి మార్చుకోవచ్చు అని ఎవరైనా చెబితే దాని మీద ఆధారపడొద్దు. కొన్ని చోట్లే ఆ వీలుంది, అదీ క్లాసులో పై మార్కుల వాళ్ళకి.

లాంగ్ టర్మ్ అమ్మాయి తనంతట తాను అడిగితేనే. అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్ళలో రెండుసార్లే రాయనిస్తారు. తలుపేసుకుని కూర్చున్న పిల్లని మళ్ళీ అదే హాస్టల్‌కి పంపడం నాకు అస్సలు ఇష్టం లేదు.

మీ ఆయనకి ఎలా చెప్పాలన్నారు. ముందు మీ తమ్ముడి చేత ఫోన్ చేయించండి. ‘‘బావా, ఆ లిస్టు మావాడి ర్యాంకుకి వేసింది, మేనకోడలికి పనికిరాదు’’ అని పంపించిన మనిషే చెబితే ఆయన వింటారు. తర్వాత మీరు చెరువు లెక్కలో చెప్పండి. సీడు వేసేటప్పుడు 30 కౌంటుకి (కిలోకి 30 రొయ్యలు) పడితే ఎంతొస్తుందో లెక్కేసుకుంటారు, మధ్యలో జబ్బు తగిలి 100 కౌంటుకే పట్టేయాల్సి వస్తే ఎంత మిగులుతుందో కూడా లెక్కేసుకుంటారు కదా. పిల్ల లిస్టులో ఆ రెండో లెక్క లేదండీ, అనండి. ఊళ్ళో తలెత్తుకోవడం గురించి వాదించకండి. అది ఆయనకి నిజంగానే బాధ, వాదిస్తే ఇంకా బిగుసుకుంటారు. లిస్టు వేసే రోజు పక్కన కూర్చోమని అమ్మాయి చేతే పిలిపించండి. పాస్‌వర్డు, మౌసు మాత్రం అమ్మాయి చేతిలోనే ఉండాలి. మీ తమ్ముడికి గానీ, నెట్ సెంటరు అబ్బాయికి గానీ ఇవ్వొద్దు.

ఒకటి మాత్రం ఈ వారమే చూసుకోండి. జేఈఈ దరఖాస్తులో ఓబీసీ అనో ఈడబ్ల్యూఎస్ అనో పెట్టి ఉంటే, కేంద్రం నమూనాలో, ఈ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్న సర్టిఫికెట్ కావాలి. ఈఏపీసెట్‌కి ఇచ్చిన రాష్ట్రం సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. సచివాలయంలో దరఖాస్తు ఇచ్చినా తహసీల్దారు సంతకం అయ్యేసరికి రోజులు పడుతుంది.