మేడ మీద దిగిన ఎల్డర్ గారు, సిస్టర్ గారు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: మేడమ్ గారూ, మాది సికింద్రాబాద్ మారేడ్‌పల్లి. పోయిన నెల మా పై పోర్షన్‌లోకి అమెరికా దంపతులు అద్దెకి దిగారు. ఇద్దరికీ 65 దాటే ఉంటాయి. చొక్కా జేబు మీద నల్ల నేమ్‌ప్లేట్ పెట్టుకుంటారు, ఆయన్ని ఎల్డర్ అంటారు, ఆవిణ్ని సిస్టర్ అంటారు. చర్చి మిషన్ మీద వచ్చాం, 18 నెలలుంటాం అన్నారు. తొమ్మిది మంది మనవలట, వాళ్లందర్నీ వదిలేసి, పైగా సొంత డబ్బులు పెట్టుకుని, ఈ వయసులో ఇంత దూరం ఎందుకొచ్చారో మాకు అంతుపట్టట్లేదు. పొద్దస్తమానం ఏం చేస్తారు వీళ్లు? మా ఆయనేమో మతం మార్చడానికే వచ్చుంటారు, నువ్వు ఎక్కువ రాసుకుపూసుకు తిరక్కు అంటున్నారు. ఏం చెయ్యమంటారు? (ఒక పాఠకురాలు)

జవాబు: మీ ఉత్తరం చదివి నవ్వొచ్చిందమ్మా, ఎందుకంటే కొన్నేళ్ల కింద అచ్చం ఇవే మాటలు మా ఇంట్లోనూ నడిచాయి. మా మేడ మీద కూడా ఇలాంటి జంటే ఏడాదిన్నర ఉన్నారు. ఐడహో రాష్ట్రం వాళ్లు, ఆయన ఆలుగడ్డలు పండించిన రైతు. తోపుడు బండి దగ్గర నిలబడి ఒక్కో గడ్డా తీసి బొటనవేలితో నొక్కి, వాసన చూసి, మళ్లీ పెట్టేసేవాడు, బండబ్బాయికి ఒళ్లు మండేది.

మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి వాళ్లది యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం, అందరూ మోర్మన్లు అనేవాళ్లు గానీ 2018 నుంచి ఆ పేరు వాడొద్దని వాళ్ల చర్చి పెద్దలే అడుగుతున్నారు. 1830లో అమెరికాలో మొదలైన సంఘం. మాది సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం) చర్చి, సిద్ధాంతంలో మాకూ వాళ్లకీ చాలా తేడాలున్నాయి, అదంతా ఇప్పుడు తవ్వను. వాళ్లలో కుర్రాళ్లు రెండేళ్లు, అమ్మాయిలు ఏడాదిన్నర మిషన్ చేస్తారు, రిటైరైన దంపతులు కూడా 6 నెలలకో 12కో 18కో 23కో అప్లై చేసుకోవచ్చు. తమాషా ఏంటంటే 18 ఏళ్ల కుర్రాడూ ఎల్డరే, 68 ఏళ్ల తాతా ఎల్డరే. జీతం లేదు, పెద్దవాళ్ల ఖర్చు పెద్దవాళ్లదే, పెన్షనో దాచుకున్నదో తెచ్చుకుని అద్దె కట్టుకుంటారు.

రోజంతా ఏం చేస్తారంటే, చెప్తే మీరు నమ్మరు, మా మేడమీదాయన ముప్పావు వంతు టైమ్ గ్యాస్ సిలిండర్లు, వాటర్ ఫిల్టర్లు, గీజర్ల వెనకాలే తిరిగాడు. ఈ చర్చి తరఫున పనిచేసే కుర్రాళ్లు అద్దె ఫ్లాట్లలో ఉంటారు కదా, మన దగ్గరైతే రాజమండ్రి పిల్లలు, చెన్నై పిల్లలు, ఈశాన్యం నుంచొచ్చిన పిల్లలు అందరూ కలిసి ఉంటారు. ఆ ఫ్లాట్లు చూసుకోవడం, ఓనర్లతో మాట్లాడ్డం, పరుపులు కొనడం, పిల్లాడికి జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లడం, ఇవన్నీ పెద్ద జంటల నెత్తిన పడతాయి. నెలకోసారి చెకింగ్‌కి వెళ్లేవాళ్లు. పెళ్లికాని కుర్రాళ్ల రూములు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదుగా, ఒకసారి సింకులో దోసెల పిండి పొంగి ఎండి గోడలాగా అతుక్కుపోయిందట, సిస్టర్ గారు స్క్రూడ్రైవర్ పెట్టి గీకిందట, గీకుతూ పాట పాడిందట. చిన్నవాళ్లకుండే పొద్దున ఆరున్నర నిద్రలేపు, గంటగంటకీ టైమ్‌టేబుల్ పెద్దవాళ్లకుండదు. కొందరికి ఆఫీసులో లెక్కల పని ఇస్తారు, కొందరికి సేవా కార్యక్రమాలు, కొన్ని దేశాల్లో పాత రికార్డులు స్కాన్ చేసే పని కూడా ఉంటుందట. పొద్దున ఇద్దరూ కలిసి లేఖనాలు చదువుకునేవాళ్లు, ఆ గొణుగుడు మా వంటింట్లోకి వినిపించేది. సాయంత్రాలు మెంబర్ల ఇళ్లకి వెళ్లి కూర్చునేవాళ్లు, ఆదివారం రెండు గంటలు చర్చి. ఆ రోజు షాపింగ్ చెయ్యరు, పాల ప్యాకెట్టు కూడా శనివారమే తెచ్చిపెట్టుకునేవాళ్లు.

మీ ఆయన భయం గురించి. మమ్మల్ని ఒక్కసారి చర్చికి రమ్మన్నారు, వెళ్లాం, పాటలు బాగున్నాయి, రొట్టెతో పాటు ద్రాక్షారసం బదులు నీళ్లిస్తారు, చందా పళ్లెం తిప్పరు, బిషప్ అంటే మన బిషప్ లాగా కాదు, వారమంతా ఏదో ఉద్యోగం చేసుకునే మామూలు మనిషి, జీతం ఉండదు. బయటికొచ్చాక మా చర్చి మాకుందండీ అని చెప్పేశా. సరే అన్నారు, మళ్లీ ఎత్తలేదు. మీరూ మొహమాటపడకుండా ఒకసారి చెప్పేయండి, అంతే. కానీ మీ ఆయన పట్టించుకోవాల్సిన పని ఒకటుంది, విదేశీయులు అద్దెకి దిగితే ఇంటి ఓనరు 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ వాళ్లకి, అంటే విదేశీయుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ ఆఫీసుకి, తెలియజేయాలి. మీది సొంతిల్లయితే అది చేశారో లేదో ముందు చూసుకోండి.

ఇక అసలు సంగతి. మనం బయట్నుంచి చూసి అబ్బో ఎంత భక్తో అనుకుంటాం గానీ, వాళ్లకి కష్టం భక్తి దగ్గర కాదు, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు. ఐడహోలో ఆయన పొలంలో ఉండేవాడు, ఆవిడ ఇంట్లో, రాత్రికి కలుసుకునేవాళ్లు, ఇక్కడ రెండు గదుల్లో 24 గంటలూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవాలి. మొదటి రెండు నెలలు ఏం చెయ్యాలో చెప్పేవాడు కూడా సరిగ్గా ఉండడు. మూడో నెలలో అనుకుంటా, ఒకరోజు ఆవిడ కిందికొచ్చి నా వంటింట్లో పీటేసుకుని కూర్చుంది. నేను చిక్కుడుకాయలు ముందేసుకున్నా. ఆవిడా తీసుకుంది, ఈనెలు తియ్యడం చేసి చూపించా, అరగంట ఇద్దరం ఒక్క మాట లేకుండా తీశాం. చివర్లో చెప్పింది, వాళ్లలో పిల్లలకి ఎనిమిదేళ్లు నిండాకే బాప్తిస్మం ఇస్తారట, మనవరాలికి ఆ వారమే, పెద్ద మనవలందరికీ తాతే నీళ్లలో దిగి ఇచ్చాడట, ఈ పిల్లకి మాత్రం మేనమామ ఇస్తున్నాడట. అక్కడ శనివారం మధ్యాహ్నం రెండంటే మనకి ఆదివారం తెల్లారుజాము రెండున్నర. ఆ రాత్రి నాకు మెలకువొచ్చి చూస్తే పైన లైటు వెలుగుతోంది. ఆయన తెల్ల చొక్కా, టై కట్టుకుని ఫోన్ ముందు కూర్చున్నాడట, పొద్దున పాలవాడు చెప్పాడు, వాడికెలా తెలుసో నాకిప్పటికీ తెలీదు. తొమ్మిదింటికి ఇద్దరూ ఇస్త్రీ బట్టల్లో చర్చికి ఆటో ఎక్కారు.

కాబట్టి రాసుకుపూసుకు తిరగొద్దు అనే మాట పక్కనపెట్టి, మధ్యాహ్నం మూడింటికి ఒక పీట వెయ్యండి. దొరల్లాగా చూడకండి, అతిథుల్లాగా కూడా వద్దు, కూరగాయలిచ్చి కోయమనండి.

ప్రశ్న: వాళ్లు కాఫీ టీలు ముట్టరంటున్నారు, నిజమేనా? మరి ఇంటికొస్తే ఏమివ్వాలి? (ఉప్పల్ నుంచి)

జవాబు: నిజమే. 1833 నుంచీ వాళ్లకి ఆరోగ్య నియమం ఒకటుంది, కాఫీ, టీ, మందు, పొగాకు ఏవీ ఉండవు. నేను తెలీక మొదటి రోజే ఇత్తడి గ్లాసుల్లో నురగలు కక్కే ఫిల్టర్ కాఫీ పైకి పంపించా, ఆవిడ గ్లాసులు పట్టుకుని మెట్ల మీద నిలబడిపోయింది, తాగలేదు, పారబోయలేదు, చివరికి మా పనమ్మాయి తాగింది. మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, యాలకుల పాలు, రాగి జావ అన్నీ ఓకే. శొంఠి కాఫీలో కాఫీ పొడి ఉండదని నమ్మించడానికి మాత్రం నాకు వారం పట్టింది, పేరులో కాఫీ ఎందుకుందంటే ఏం చెప్తాం. ఇంకోటి, నెలలో మొదటి ఆదివారం ఉపవాసం, రెండు పూటలు తినరు, నీళ్లు కూడా తాగరు, మిగిలిన భోజనం ఖర్చు బీదవాళ్లకి ఇస్తారు. నేను ఆ రోజే వేడివేడి పులిహోర పంపిన ఘనురాలిని. కారం తగ్గించండి. మావాళ్లు మొట్టమొదట నేర్చుకున్న తెలుగు మాట "చాలు", రెండోది "కరెంట్ పోయింది".

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని, 62. మావారు ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు, 66. మాది గుంటూరు, లూథరన్ సంఘం. ఒడిశా ఏజెన్సీలో తెలిసినవాళ్లు పిల్లల హాస్టల్ నడుపుతున్నారు, ఒక ఏడాది వెళ్లి చేతనైన సాయం చేద్దామని ఇద్దరికీ ఉంది. పిల్లలు ఒప్పుకోవట్లేదు, ఈ వయసులో మీకెందుకమ్మా అంటున్నారు. మన తెలుగువాళ్లలో ఇలా వెళ్లినవాళ్లున్నారా?

జవాబు: అమ్మా, గుంటూరులో ఉంటూ, అందులోనూ లూథరన్ అయ్యుండి వయసు గురించి మీరడగాలా? మీ సంఘానికి పునాదేసిన అమెరికా మిషనరీ హయ్యర్ దొర 1842లో గుంటూరొచ్చాడు, తర్వాత అమెరికా వెళ్లిపోయి, 1869లో రాజమండ్రి మిషన్ చేతులు మారిపోయేలా ఉందని తెలిసి మళ్లీ ఓడెక్కాడు, అప్పటికాయనకి 76 ఏళ్లు. మీ పిల్లలకి ఈ లెక్క చెప్పండి, గెలవకపోయినా కాసేపు ఊరుకుంటారు.

తెలుగువాళ్లంటారా, పై ఉత్తరంలో చెప్పిన కడవరి దిన సంఘం హైదరాబాద్‌లో నిలబడిందే ఒక తెలుగు జంట వల్ల. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు గార్లు సమోవా దీవుల్లో ఉన్నప్పుడు ఆ సంఘంలో చేరారు, 1978 చివర్లో కొద్దికాలం మిషన్ మీద హైదరాబాద్ వచ్చారు, సొంతవాళ్ల దగ్గరికే, బంధువుల్లో చాలామంది చేరారు. 2012లో మన దేశంలో ఆ సంఘానికి మొట్టమొదటి స్టేక్, అంటే కొన్ని చర్చిలు కలిసిన మన డయాసిస్ లాంటిదనుకోండి, అది హైదరాబాద్‌లోనే పెట్టారు. వీళ్ల కథలో నాకు ముచ్చటేసేది ఏంటంటే దూరంనుంచి వచ్చి చేసిన మిషనే, కానీ ఇంటికొచ్చినట్టు.

సరే, మీ విషయం. వెళ్లండి, కానీ ఇప్పుడే పెట్టె సర్దకండి. మా మేడమీదవాళ్లు బయల్దేరేముందు డాక్టర్‌తో పాటు పళ్ల డాక్టర్ సంతకం కూడా కావాల్సొచ్చిందట, నాకప్పుడు వింతగా అనిపించింది గానీ ఇప్పుడు ఆలోచిస్తే అదే తెలివైన పని, ఏజెన్సీలో పన్ను నొప్పొస్తే ఎటు వెళ్తారు? పళ్లు బాగుచేయించుకోండి, బీపీ షుగర్ మాత్రలు మూడు నెలలకి సరిపడా పెట్టుకోండి, దోమతెర మర్చిపోవద్దు, అక్కడ మలేరియా ఉంటుంది. ముందు పది రోజులు ఉండి చూసి రండి, అదీ క్రిస్మస్ టైమ్‌లో కాదు, అప్పుడు ఎక్కడైనా బాగానే ఉంటుంది. శ్రావణంలో వెళ్లండి, బట్టలారక, దారులు బురదై, రెండు రోజులు ఫోన్ సిగ్నల్ లేకుండా ఉన్నప్పుడు కూడా మీకిద్దరికీ బుద్ధి మారకపోతే సరే.

ఇంకోటి, మీ పనేంటో వెళ్లకముందే కాగితం మీద రాయించుకోండి. మీరు టీచరు కాబట్టి మీకు పిల్లలు దొరుకుతారు, బాధ మీవారిది. ఆర్టీసీ ఆయన్ని ఖాళీగా కూర్చోపెట్టారో మూడో వారానికి హాస్టల్ వంటవాడితో గొడవ ఖాయం, స్టోరు లెక్కలైనా జీపు పనైనా ఏదో ఒకటి ఆయనకంటూ ఉండాలి. పిల్లల భయం అసలు మీ సేవ గురించి కాదు, మీకేదన్నా అయితే అర్ధరాత్రి వాళ్లు ఎలా రావాలన్నది. దగ్గర్లో ఆస్పత్రి ఎక్కడ, బండి ఎవరిది, ఫోన్ ఎవరికి, ఈ మూడూ రాసి వాళ్ల చేతిలో పెట్టండి, సగం పేచీ అక్కడే తగ్గుతుంది. ఏడాది అనకుండా ఆర్నెల్లు అని చెప్పండి, బాగుంటే పెంచుకోవచ్చు.

ప్రశ్న: మా కింద పోర్షన్‌లో ఉన్న మిషన్ దంపతులు వచ్చే నెల అమెరికా వెళ్లిపోతున్నారు, గుర్తుగా ఏమిస్తే బాగుంటుంది? (బెంగళూరు నుంచి)

జవాబు: ఆవకాయ తప్ప ఏదైనా. నేనిచ్చాను, సీసా మూతకి ప్లాస్టిక్ చుట్టి, మూడు కవర్లేసి, పైన తువ్వాలు కట్టి మరీ ఇచ్చాను. అయినా దారిలో నూనె కారి ఆయన తెల్ల చొక్కాలు ఆరూ ఎర్రబడ్డాయట, ఇల్లు చేరగానే ఫోన్ చేసి చెప్పారు, నవ్వుతూనే చెప్పారనుకోండి. కరివేపాకు పొడో నువ్వుల పొడో ఇవ్వండి.