మ్యూజియం మెట్ల దగ్గర ఆగిపోయాం

“ఎన్నికలు మామూలుగా జరిగే దేశంలో కూడా ప్రభుత్వం కళల మీద పెత్తనం చేయగలదా? నిషేధాలు పెడుతుందా?” అని అడిగారు. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు బుడాపెస్ట్‌లో ఉన్నాను కాబట్టి చెప్తున్నా, నిషేధం దాకా వెళ్లాల్సిన పనే ఉండదు.

2023 అక్టోబరు చివర్లో పదహారేళ్ల మా అమ్మాయితో హంగరీ జాతీయ మ్యూజియంలో ఏటా వార్తా ఫోటోలకి బహుమతులిచ్చే వరల్డ్ ప్రెస్ ఫోటో ప్రదర్శనకి వెళ్లాను. మా అమ్మాయి ధ్యాసంతా ఉక్రెయిన్ యుద్ధం ఫోటోల మీదే. మరియుపోల్ ప్రసూతి ఆసుపత్రి మీద బాంబు పడ్డాక గర్భిణిని స్ట్రెచర్ మీద మోసుకెళ్తున్న ఫోటోకి ఆ ఏడాది మొదటి బహుమతి వచ్చింది. తీరా వెళ్తే, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి ప్రవేశం లేదని కాగితం అంటించి ఉంది. కౌంటర్లో ఆవిడ గుర్తింపు కార్డు అడగలేదు. “నీకెన్నేళ్లు?” అంది, అంతే. మా అమ్మాయి ఉన్నమాట చెప్పేసింది. ఆవిడ తల దించుకుని, టికెట్ ఇవ్వలేనంది.

కారణం, ఫిలిప్పీన్స్‌లో కలిసి బతుకుతున్న ముసలి స్వలింగ సంపర్కుల ఫోటోలు కొన్ని. స్వలింగ సంపర్కాన్ని పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకి చూపించకూడదనే 2021 నాటి హంగరీ చట్టం ప్రకారం అవి పిల్లల కంట పడకూడదు. వాటికోసం యుద్ధం ఫోటోలకీ తలుపు మూశారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. 1848 మార్చి 15న సెన్సార్ వద్దంటూ జనం పోగైంది ఆ మ్యూజియం ముందే. “నేను యుద్ధం చూడ్డానికి కదా వచ్చింది నాన్నా” అంది. నాకు నోట మాట రాలేదు.

నవంబరులో, ఆ చట్టాన్ని సరిగా పాటించలేదంటూ మ్యూజియం డైరెక్టర్ లాస్లో సిమోన్‌ని పదవిలోంచి తీసేశారు. కార్డులు తనిఖీ చేసే హక్కు మ్యూజియానికి లేదన్నాడాయన. ఎంపీగా ఆ చట్టానికి ఓటేసిందీ ఆయనే. ఇది చూశాక మరో డైరెక్టరు అలాంటి ఫోటోని గోడ దాకా రానిస్తాడా? పుస్తకాల షాపుల్లోనూ ఇదే తంతు. స్వలింగ సంపర్కుల పాత్రలున్న పిల్లల పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో మూసి అమ్మాలి. బడికీ చర్చికీ 200 మీటర్ల లోపు అసలు అమ్మకూడదు. ఏయే పుస్తకాలో జాబితా ఉండదు. ఆ 2023లోనే ఒక పెద్ద పుస్తకాల సంస్థకి 1.2 కోట్ల ఫోరింట్ల (హంగరీ కరెన్సీ) జరిమానా పడింది. ఇక అమ్మేవాళ్లే భయపడి అన్నీ చుట్టేస్తారు.

“పుస్తకాలు తగలబెట్టట్లేదు కదా” అని వాదించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2020లో అక్కడి నాటక, సినిమా విశ్వవిద్యాలయాన్ని ప్రభుత్వం తన మనుషులున్న ఫౌండేషన్‌కి అప్పగించింది. విద్యార్థులు రెండు నెలలకు పైగా భవనాన్ని పట్టుకుని కూర్చున్నా వెనక్కి తగ్గలేదు. దేన్నీ తగలబెట్టలేదు, ఎంతోమంది అధ్యాపకులు మాత్రం వెళ్లిపోయారు.

మా అమ్మాయి ఆ రాత్రి ఫోటోలన్నీ ఫోన్లో వెతుక్కుని చూసింది. ముందు ఫిలిప్పీన్స్ ముసలివాళ్లవి.