మీడియా యాజమాన్య చట్టాలు చదివితే ఉద్యోగం ఎక్కడ?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. వార్తా వెబ్‌సైట్ల యాజమాన్యంపై ప్రభుత్వం కొత్త చట్టం తెస్తుందని, అప్పుడు ఉద్యోగాలు చాలా వస్తాయని విని, ‘డిజిటల్ మీడియా రెగ్యులేషన్’ డిప్లొమాలో చేరతానంటోంది. ఎల్‌ఎల్‌బీ మేలా, ఇది మేలా? ఇప్పటికే పత్రికల్లోని ప్రకటనలు కత్తిరించి, ఎవరికెంత వాటా ఉందో చార్టు మీద గీస్తూ పనిలేని పని పెట్టుకుంది. పెద్దవాళ్ల జోలికి ఆడపిల్ల వెళ్లడం అవసరమా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే అయినా, ఉత్తరమంతా కనిపిస్తున్నది ‘పెద్దవాళ్లతో మనకెందుకు’ అన్న భయం. అందువల్ల ముందు ఆ చార్టు సంగతి చూద్దాం.

ఏటా మార్చి మొదట్లో పత్రికల్లో ఏదో ఒక మూల చిన్న అక్షరాలతో ‘ఫారం-4’ అనే ప్రకటన వేయాలని 1956 నాటి నిబంధనలు చెప్పాయి. ప్రచురణకర్త ఎవరు, సంపాదకుడు ఎవరు, మూలధనంలో ఒక శాతానికి మించిన వాటా ఎవరి పేరున ఉంది అన్న వివరాలు అందులో ఉంటాయి. మీ అమ్మాయి కత్తిరిస్తున్నది వాటినే అయి ఉంటుంది. బహిరంగంగా ప్రకటించిన వివరాలను చదవడం ఎవరి జోలికీ వెళ్లడం కాదు. అక్కడి నుంచి కంపెనీల రిజిస్ట్రార్ రికార్డుల్లోకి వెళ్లి, వాటాదారు కంపెనీ వెనుక మరే కంపెనీ ఉందో తేల్చడం న్యాయవాద సంస్థలు జీతమిచ్చి చేయించుకునే పని. దానిని ‘పనిలేని పని’ అన్న మీ మాట, క్షమించాలి, మీరు వెనక్కి తీసుకోవలసిందే.

డిప్లొమా విషయంలో మాత్రం నా అనుమానాలు నాకున్నాయి. పత్రిక, చానల్ ఒకే చేతిలో ఉండడంపై పరిమితులు ఉండాలా అన్న ప్రశ్న కొత్తది కాదు. 2009లోనే టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ దీనిపై సిఫార్సులు చేసింది. మన హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ కేంద్రం కోసం దీనిపై అధ్యయనమూ చేసింది. 2014లో ట్రాయ్ మరింత వివరంగా, భాషను బట్టి మార్కెట్‌ను లెక్కించాలని, అంటే తెలుగు పత్రికలను, తెలుగు వార్తా చానళ్లను కలిపి చూడాలని సూచించింది. రాజకీయ పార్టీలను ప్రసార రంగంలోకి రానివ్వరాదనీ చెప్పింది. (తెలుగు పాఠకులకు ఇందులోని మర్మం విడమరచి చెప్పనక్కరలేదు.) 2022లో ట్రాయ్ మళ్లీ చర్చాపత్రం విడుదల చేసింది. ఇన్నేళ్లలో ఆ సిఫార్సులు చట్టం రూపం దాల్చలేదు. 1867 నాటి పత్రికల చట్టం స్థానంలో 2024 మార్చి 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టం కూడా వెబ్‌సైట్లను తన పరిధిలోకి తీసుకోలేదు. రాబోయే చట్టాన్ని నమ్ముకొని కోర్సుకు డబ్బు కట్టడం, మంజూరు కాని రోడ్డు పక్కన ప్లాటు కొనడం వంటిదే.

అలాగని పని లేదనుకోకండి. అది ఒక్క కార్యాలయంలో లేదు, అంతే. డిజిటల్ వార్తా సంస్థల్లో విదేశీ పెట్టుబడి 26 శాతం దాటరాదని, అదీ ప్రభుత్వ అనుమతితోనే రావాలని 2019లో నిర్ణయించారు. మరుసటి ఏడాది నవంబరులో, ఆ పరిమితికి లోబడి ఉన్న సంస్థలను కూడా వాటాదారుల, డైరెక్టర్ల వివరాలు ఇమ్మని సమాచార, ప్రసార శాఖ ఆదేశించింది. పెద్ద విలీనాలు, మార్కెట్‌లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ ముందుకు వెళ్తాయి. రిలయన్స్, డిస్నీ మీడియా వ్యాపారాల విలీనానికి 2024 ఆగస్టులో ఆమోదం లభించింది అక్కడే. ఈ దస్త్రాలన్నీ సిద్ధం చేసేది కంపెనీ సెక్రటరీలు, కార్పొరేట్ న్యాయవాదులు.

అందువల్ల బీకాం తరువాత ఎల్‌ఎల్‌బీ లేదా సీఎస్ (కంపెనీ సెక్రటరీ కోర్సు) చేయించండి. మీడియా చట్టాలపై ఆసక్తి నిలిచి ఉంటే, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వంటి చోట దూరవిద్యలో ఆ చట్టాల డిప్లొమాను తరువాత జత చేసుకోవచ్చు. రేపు ఆమె మనసు మారినా ఆ చదువు వృథా కాదు. సిమెంటు కంపెనీకైనా వాటాదారుల రిజిస్టరు ఉంటుంది కదా. వాటాల పట్టికను చూసి విసుగు చెందని కామర్స్ విద్యార్థులు నాకు తారసపడింది తక్కువ, కనుక ఆమె భవిష్యత్తు గురించి మీరు ఇంతగా దిగులు పడవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

అయినా ‘డిజిటల్ మీడియా రెగ్యులేషన్’ డిప్లొమాయే కావాలని ఆమె పట్టుబడితే, నిరుడు చదివినవారు ఇప్పుడు ఏ సంస్థలో, ఏ హోదాలో పనిచేస్తున్నారో రాసి ఇమ్మని, ఫీజు కట్టకముందే, ఆమె చేతనే అడిగించండి.